మొదటి పది అడుగులు

మా ఆడపడుచు కూతురు బరంపురంలో ఫిజియోథెరపీ చేస్తుంది. శనివారం రాత్రి ఆఖరు బస్సుకి పాత్రపూర్‌లో మా ఇంటికి వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున మా ఆయన మంచం దిగి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం ఆ పిల్ల కంట్లో పడింది. నేను ఎనిమిది నెలలుగా చూస్తున్నదే. మొదటి పది అడుగులు కుంటుతారు. పదకొండో అడుగుకి మామూలు మనిషి అయిపోతారు. ఆ తర్వాత బూట్లు కట్టుకుని ఇచ్ఛాపురం రోడ్డెక్కుతారు.

ఏడింటికి ఆయన తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాక వాళ్ళిద్దరికీ జరిగిన వాదన ఇది. నేను పక్కన గోంగూర వలుస్తూ విన్నాను. ఒకటి రెండు చోట్ల కల్పించుకున్నాను కూడా.

మేనకోడలు: ఇవాళ ఎంత దూరం మావయ్యా?

మాస్టారు: పద్నాలుగు. పోయిన ఆదివారం పన్నెండు. వైజాగ్ నేవీ మారథాన్‌లో ఇరవై ఒక్క కిలోమీటర్లకి పేరిచ్చాను. సముద్రం పక్కన బీచ్ రోడ్డు మీద, వేలమందితో. ఈ ఏడైనా పరిగెత్తాలి.

మేనకోడలు: నొప్పి ఎక్కడ?

మాస్టారు: నొప్పేటమ్మా? పొద్దున్న కాస్త పట్టేసినట్టు ఉంటుంది. రెండు కిలోమీటర్లు దాటేసరికి అదే పోతుంది.

మేనకోడలు: అదే పోతుంది, మర్నాడు పొద్దున్న అదే వస్తుంది. ఏదీ, కాలు ఇలా పెట్టు.

మడమ ఎముకకి రెండు మూడు వేళ్ళ పైన, వెనకవైపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కింది. ఆయన ముఖం మారలేదు. కాలు మాత్రం దానంతటదే వెనక్కి పోయింది.

మేనకోడలు: ఊళ్ళో అందరూ దీన్ని మడమ నరం అంటారు. ఇది నరం కాదు, పిక్క కండని మడమ ఎముకకి కట్టిన తాడు. నీది మధ్యలో లావెక్కింది. రెండో కాలు పట్టుకుని చూసుకో, తేడా నీకే తెలుస్తుంది. ఈ కాలుతో ఈ ఏడు పందెం వద్దు.

మాస్టారు: డాక్టరు గారూ ఇదే అన్నారు. ఈ వయసులో మీకెందుకండీ, మానేయండి అని రెండు నిమిషాల్లో బయటికి పంపేశారు. మానేశాను కదా! మూడు వారాలు గుమ్మం దాటలేదు. రోజూ ఐసు పెట్టాను. నొప్పి పోయింది. నాలుగో వారం రోడ్డెక్కాను, నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికి వచ్చింది. మరి ఆ విశ్రాంతి వల్ల నాకు ఒరిగిందేమిటి? షుగరు పెరిగింది, నిద్ర పోయింది. కావాలంటే మీ అత్తనడుగు.

అడక్కుండానే చెప్పాను. నలభై ఆరో ఏట ఈయనకి షుగరు బయటపడింది. నడకతో మొదలుపెట్టి, చెరువుగట్టు దాకా పరుగై, ఆ పరుగు నాలుగేళ్ళలో ఇంత దూరం వెళ్ళింది. పరిగెత్తని ఆ మూడు వారాలూ ఇంట్లో మనిషి మనిషిలా లేరు. రాత్రి రెండింటికి లేచి పరీక్ష పేపర్లు దిద్దేవారు. మానేయండి అని నోటితో అనడం తేలిక. ఆ మాట అన్నవాళ్ళు ఆ తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో లేరు.

మేనకోడలు: అత్తా, నేను పరుగు మానమనలేదు, పందెం వద్దన్నాను. రెండూ ఒకటి కాదు. వట్టి విశ్రాంతితో ఇది నయం కాదని మావయ్య చెప్పింది నిజమే. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రాన్ని గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు 1978లో పుస్తకంలో రాశాడు. ప్రపంచమంతా పట్టుకుంది. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాట సవరించుకున్నాడు. ఈ తాడుకి పని లేకపోతే నొప్పి తగ్గుతుంది, దాంతోపాటే బలమూ తగ్గుతుంది. నువ్వు నాలుగో వారం రోడ్డెక్కింది అంతకుముందు కంటే బలహీనమైన కాలుతో.

మాస్టారు: అదే కదా నేనూ అంటున్నది! పని చెబితేనే కాలు బాగుపడుతుంది.

మేనకోడలు: ఎంత పని? అక్కడే మనిద్దరికీ తగువు. ఒక మనిషి కథ చెబుతాను. స్వీడన్‌లో ఉమియో అనే ఊళ్ళో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఎముకల సర్జను. ఆయనా నీలాగే పరిగెత్తేవాడు, ఆయనకీ ఇదే తాడు, ఇదే నొప్పి. నాకు ఆపరేషన్ చెయ్యండి అని పై డాక్టరుని అడిగాడు. తాడు తెగలేదు కదా, చెయ్యనన్నాడు. అయితే తెంపుకునే వస్తానని మెట్టు మీద నిలబడి మడమలు కిందికి దించడం మొదలుపెట్టాడు. ఎంత నొప్పెట్టినా ఆపలేదు. తాడు తెగలేదు. నొప్పి పోయింది.

మాస్టారు: చూశావా! మొండితనమే ఆయన్ని కాపాడింది.

మేనకోడలు: ఆయనకి మొండితనం ఒక్కసారి కలిసి వచ్చింది. దాన్ని ఆయన మొండితనంగా వదిలెయ్యలేదు, లెక్కలో పెట్టాడు. పోటీలవాళ్ళు కాదు, సరదాకి పరిగెత్తేవాళ్ళే, పదిహేను మందిని తీసుకున్నాడు. పన్నెండు వారాలు, రోజుకి రెండు పూటలు. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనుసార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు వంచి మరో మూడు. రోజుకి 180 సార్లు మడమ దించాలి. నొప్పి లేకుండా చేయగలిగిన రోజున వీపుకి సంచీ కట్టి బరువు పెంచాలి. పదిహేను మందీ మళ్ళీ పరుగుకి వెళ్ళారని 1998లో అచ్చువేశాడు. నువ్వు లెక్కల మాస్టారివి. పద్నాలుగు కిలోమీటర్లంటే ఒక్కో కాలికి ఏడు వేల అడుగుల దాకా పడతాయి. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ ఆ తాడు మీద మన ఒంటి బరువుకి ఆరేడు రెట్లు లాగుతుంది. గుణించి చూడు. అంత మోయడానికి దాన్ని ఏ రోజైనా సిద్ధం చేశావా?

మాస్టారు: మన బరంపురం రవికుమార్ సంగతేమంటావు? 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి. ఒంట్లో నొప్పి లేకుండానే అంత బరువు ఎత్తాడంటావా?

మేనకోడలు: బరువులెత్తేవాళ్ళ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి వాళ్ళ పద్ధతే చూడు. నిన్న వంద కిలోలు ఎత్తినవాడు ఇవాళ నూట ఇరవై వేసుకోడు. కిలో, రెండు కిలోల బిళ్ళలు ఉన్నది అందుకే. ప్రతిరోజూ తాను ఎత్తగల గరిష్ఠ బరువు దాకా వెళ్ళడు కూడా. మన పరుగువాళ్ళకి కిలోమీటర్లు తప్ప ఇంకో లెక్క లేదు. అవీ పెరిగితేనే సంతోషం. మూడు వారాలు సున్నా, నాలుగో వారం ఏకంగా పది కిలోమీటర్లు. ఏ కుస్తీ గోదాలోనైనా గురువు చూస్తూ ఊరుకుంటాడా?

దీనికి ఆయన దగ్గర జవాబు లేదని నాకు తెలిసింది. బూటు విప్పి, లోపలి ఇసక దులిపి, మళ్ళీ తొడుక్కున్నారు. కాసేపయ్యాక ఇంకోవైపు నుంచి వచ్చారు.

మాస్టారు: ఈ జిల్లా వాళ్ళం అసలు నొప్పి గురించి ఇంత మాట్లాడుకుంటామా? మన వీధిలో సగం మగపిల్లలు సూరత్‌లో మగ్గాల దగ్గర ఉన్నారు. పన్నెండు గంటలు నిలువుకాళ్ళ మీద. మీ తాత ఊడ్పుల రోజుల్లో నడుం పట్టేస్తే గోచీ బిగించి మళ్ళీ మడిలో దిగేవాడు. వాళ్ళలో ఎవరు ఆగారు? ఒక మడమ పట్టేసిందని నేను ఆగితే వాళ్ళ ముందు నాకు సిగ్గుగా ఉంటుంది.

మేనకోడలు: వాళ్ళు ఆగలేక ఆగలేదు మావయ్యా. తాత ఆ నడుంతో ఆఖరి పదేళ్ళు ఎలా మంచం మీద ఒత్తిగిల్లాడో నువ్వు చూడలేదా? సూరత్ నుంచి నలభై ఏళ్ళకే మోకాళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. నెల రోజులు పని తగ్గించుకో అని చెప్పడానికి నాకు నోరు రాదు. తగ్గించుకుంటే కూలి పోతుంది. నీకు ఆగే వీలుంది. ఆగితే ఎవరూ జీతం కొయ్యరు. వాళ్ళకి లేని ఆ వీలుని వాళ్ళ పేరు చెప్పి పారేసుకోకు.

ఈ మాట నాకు గుచ్చుకుంది. మా మావగారి నడుముకి చివరి రోజుల్లో నూనె రాసింది నేనే. ఆయన ఓర్పుని మేమంతా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ ఓర్పు ఆయన ఎంచుకున్నది కాదని ఇన్నేళ్ళలో ఎవరమూ అనుకోలేదు.

మాస్టారు: సరే. మానొద్దంటావు, పందెం వద్దంటావు. మరి రేపు పొద్దున్న నేనేం చెయ్యాలి? ఎంత పరిగెత్తాలి?

మేనకోడలు: దానికీ కొలత ఉంది. అదీ స్వీడన్‌దే. సిల్బర్‌నాగెల్ అనే ఆవిడ 2007లో అచ్చువేసింది. ఈ తాడు నొప్పి ఉన్న ముప్పై ఎనిమిది మందిని రెండుగా విడదీసింది. కొందరికి మొదటి ఆరు వారాలు పరుగు, గెంతుడు మాన్పించింది. మిగతావాళ్ళని ఒక హద్దు లోపల పరిగెత్తనిచ్చింది. తాడుకి బలం పెంచే వ్యాయామం ఇద్దరికీ ఒకటే. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ ఒకేలా బాగుపడ్డాయి. అంటే హద్దు దాటకుండా పరిగెత్తినవాళ్ళు నష్టపోలేదు.

మాస్టారు: ఏమిటా హద్దు?

మేనకోడలు: అసలు నొప్పి లేకపోతే సున్నా, భరించలేనిది పది. పరిగెత్తేటప్పుడు ఐదు దాటకూడదు. ఆపాక కూడా ఐదు దాటకూడదు. మర్నాటి పొద్దుటికి అది దిగిపోవాలి. వారం వారం నొప్పీ, పొద్దుటి బిగుతూ పెరగకూడదు. నువ్వు మంచం దిగి వేసే ఆ మొదటి పది అడుగులే నీ పరీక్ష పేపరు. రోజూ దానికి మార్కు వేసి రాసుకో. నిన్నటి కంటే పెరిగితే ఇవాళ దూరం తగ్గించు. ఇప్పటికి రోజు విడిచి రోజు, నాలుగేసి కిలోమీటర్లు, నిదానంగా.

మాస్టారు: నాలుగా! నాలుగు కిలోమీటర్లకి బూట్లు కట్టుకోవడం కూడా దండగే.

మేనకోడలు: ఫౌజా సింగ్ పేరు నీకు నేను చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు ప్రకారం నూరేళ్ళ వయసులో, 2011లో టొరంటోలో మారథాన్ పూర్తిచేశాడు. ఎంతసేపు పట్టింది? ఎనిమిది గంటలు దాటింది. ఆ ఎనిమిది గంటలకి ఆయన సిగ్గుపడ్డాడా?

ఇక్కడ నేను కల్పించుకోకుండా ఉండలేకపోయాను. లోపలికి వెళ్ళి, ఆయన పరుగు సంచీలోంచి మాత్రల అట్ట తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను. పది మాత్రల్లో నాలుగు మిగిలాయి. పొడవు పరుగు ఉన్న ఆదివారం ఖాళీ కడుపుతో ఒకటి వేసుకుని వెళతారు. నాకు తెలియదనుకుంటారు.

మేనకోడలు: డైక్లోఫెనాకా! ఎన్నాళ్ళ నుంచి?

మాస్టారు: ఆదివారాలు మాత్రమే. ఇచ్ఛాపురం షాపులో అడిగితే ఇచ్చారు. అందరూ వాడేదేనమ్మా.

మేనకోడలు: ఇచ్ఛాపురంలోనా కొన్నావు? ఆ రోడ్డు మీద నుంచుని ఎటు చెయ్యి చూపించినా ఉద్దానమే కదా మావయ్యా. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరితోటల మధ్య పచ్చటి ఊళ్ళు, ఊరూరా కిడ్నీ రోగం. దానికి అసలు కారణమేమిటో ఇన్నేళ్ళయినా తేలలేదు. పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరులో తెరవాల్సి వచ్చింది. మన చుట్టాల్లోనే డయాలిసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎంతమంది? నువ్వు ఈ ఉక్కలో రెండు గంటలు చెమట కారుస్తావు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి నెత్తురు అందించే దారులు మూసుకుపోకుండా శరీరం కొన్ని పదార్థాలు తయారుచేస్తుంది. ఈ మాత్ర ఆపేది సరిగ్గా వాటినే. పైగా నీకు షుగరు. షుగరు విడిగానే కిడ్నీని తింటుంది, తాడునీ బిరుసెక్కిస్తుంది. ఈ మూడూ కలిపి నువ్వు ఆదివారం ఆదివారం పరిగెత్తుతున్నావు.

మాస్టారు: ఒక్క మాత్రకి ఇంతా?

మేనకోడలు: ఒక్క మాత్ర అంటే ఒక్కటే కాదు, ప్రతి ఆదివారం. రక్తపరీక్ష రేపే చేయించుకో, క్రియాటినిన్ చూడాలి. ఇంకోటి కూడా ఉంది. ఇందాక నొప్పి కొలత చెప్పాను కదా. మాత్ర వేసుకుంటే ఆ కొలత అబద్ధం చెబుతుంది. ఏడు ఉన్నది నీకు మూడులా తెలుస్తుంది. కాలు ఆపు అని అరుస్తుంటే నువ్వు చెవులు మూసుకుని పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళి వచ్చావు.

ఆయన అట్ట తీసుకుని చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. మా ఆయన తమ్ముడి వరస ఒకాయన కంచిలిలో వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్ళి, రెండేళ్ళకి పోయాడు. ఆ అరుగు మీద ఆ పేరు ఎవరమూ ఎత్తలేదు. అవసరం లేకపోయింది.

మేనకోడలు: పొద్దున్న నీతో పది మంది కుర్రాళ్ళు వెళ్ళారు. ఎవరు వాళ్ళు?

మాస్టారు: మా స్కూల్లో చదివినవాళ్ళే. సైన్యంలో అగ్నివీర్‌కి తయారవుతున్నారు. గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసు పరిధి. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపల వస్తే పూర్తి మార్కులు. నేను వాళ్ళతో సమానంగా ఉరకలేను గానీ, టైము చూసి రాసిపెడతాను. ఆఖర్న నాతో కలిసి నెమ్మదిగా వస్తారు.

మేనకోడలు: అందులో ఒకడు ఎడమ కాలికి, మోకాలి కింద, గుడ్డ చుట్టుకున్నాడు. మలుపు దగ్గర ఆగి ముందరి ఎముక మీద ఒక్క చోటే వేలితో ఒత్తుకుంటున్నాడు. నేను గేటు దగ్గర నుంచుని చూశాను.

మాస్టారు: వాడా? వాడు గట్టివాడు. నెల రోజులుగా నొప్పి అంటూనే ఉన్నాడు, ఒక్కరోజూ మానలేదు. మాస్టారే కుంటుకుంటూ వస్తుంటే నేనెందుకు మానాలండీ అంటాడు.

ఆ మాట అనేసి ఆయనే ఆగిపోయారు. పిల్ల ఏమీ అనలేదు. దానికి ఆ సంస్కారం ఉంది.

మేనకోడలు: మావయ్యా, నీది తాడు. వాడిది ఎముక కావచ్చు. తాడు కొలత ఎముకకి పనికిరాదు. కాలు పొడుగునా జిల్లుమంటే వేరు, వేలు పెట్టి ఇక్కడే అని చూపించేంత ఒక్క చోట నొప్పి ఉంటే వేరు. ఎముకలో సన్నటి పగులు మొదలై ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనబడదు. దాని మీద ఐదు దాకా పరవాలేదు అనడానికి లేదు. పూర్తిగా ఆపాలి. లేకపోతే ఒకరోజు మైదానంలో విరుగుతుంది. అప్పుడు అగ్నివీర్ కాదు, ఏ వీరుడూ కాలేడు.

మాస్టారు: ఎన్నాళ్ళు?

మేనకోడలు: ఆరు వారాలు, ఎనిమిది వారాలు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

మాస్టారు: ఆ ఎనిమిది వారాలు వాడికి ఎవరిస్తారమ్మా? ర్యాలీ తారీఖు వాడి కాలు కోసం ఆగదు. వయసు హద్దు ఆగదు. నాకు ఆగే వీలుందన్నావు, ఒప్పుకుంటాను. వాడికేదీ? ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు. వాడి నాన్న సూరత్‌లో. వాడు నీ సూరత్ లెక్కలోకే వస్తాడు.

పిల్ల దగ్గర జవాబు లేదు. ఈసారి చెప్పులు చూసుకుంటూ కూర్చున్నది అది. నా దగ్గరా లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా, ఆ అబ్బాయికి ఎనిమిది వారాలు ఎక్కణ్ణుంచి తేవాలో నాకు తోచలేదు.

మేనకోడలు: ఒకటి గుర్తొస్తోంది మావయ్యా. 2006 మే 2. నేను అప్పుడు చిన్నపిల్లని, టీవీలో చూశాను. బుధియా సింగ్. నాలుగేళ్ళ పిల్లాడు పూరీ నుంచి భువనేశ్వర్‌కి 65 కిలోమీటర్లు, ఏడు గంటల పైన పరిగెత్తాడు. వెంట సీఆర్‌పీఎఫ్ జవాన్లు, రోడ్డుకి రెండు పక్కలా జనం. చివరికి వాడు కుప్పకూలాడు. తర్వాత ప్రభుత్వం ఆ పరుగులు ఆపించింది. మన ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కొట్టింది, నువ్వూ కొట్టావు.

మాస్టారు: కొట్టాను. ఒడిశా బిడ్డ అని గర్వపడ్డాను.

మేనకోడలు: పక్కన ఇంతమంది పెద్దవాళ్ళు పరిగెత్తుతుంటే, చప్పట్లు కొడుతుంటే, ఆ పిల్లాడు కాళ్ళు నొప్పి అని ఎవరితో చెప్పుకోవాలి? మీ కుర్రాడి ర్యాలీ తారీఖుని నేను మార్చలేను. కానీ నొప్పి అని వాడు నోరు తెరిచి చెప్పగలిగే మనిషి ఒకడైనా ఆ రోడ్డు మీద ఉండాలి. అది నువ్వే అవ్వాలి. నువ్వు మాత్ర మింగి కుంటుతూ నవ్వుతుంటే వాడు చెప్పడు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి ఆ అబ్బాయికి చేశారు. మంగళవారం బరంపురం తీసుకెళతాను, పొద్దున్న బస్సుకి తయారుగా ఉండు అన్నారు. అటునుంచి వాడేదో అన్నాడు. లేదు, నేనూ వస్తున్నా, నా కాలూ చూపించుకోవాలి అన్నారు. వైజాగ్ పందెం గురించి మాత్రం పిల్ల రెండోసారి అడిగితే, చూద్దాంలే అని తల తిప్పుకున్నారు. పేరు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటారని నాకూ నమ్మకం లేదు.

గోంగూర అయిపోయింది. నేను లేచేసరికి పిల్ల ఆయన్ని అరుగు మెట్టు అంచున నిలబెట్టింది. మునివేళ్ళు మెట్టు మీద, మడమలు గాలిలో. చేత్తో స్తంభం పట్టుకోమంది. బాగున్న కాలితో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి మెల్లగా కిందికి దిగాలి. ఆయన పైకి లెక్కపెడుతూ దిగుతున్నారు. తొమ్మిది, పది. పదకొండు దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగింది. పదిహేను పూర్తిచేశారు.

"ఎంత?" అంది పిల్ల.

"మూడు."

అది నా వైపు తిరిగింది. "అత్తా?"

ముప్పై ఏళ్ళుగా ఆ ముఖం చూస్తున్నాను.

"ఐదు," అన్నాను.

ఆయన కాదనలేదు.